రాగిని పట్టే ఉంగరం

టెక్కలి కాలేజీలో నేను కెమిస్ట్రీ చెబుతాను. నాలుగు నైట్రోజన్లున్న ఉంగరంలాంటి అణువును, రాగి ఉండే మైలుతుత్తం నీళ్లలో కలిపితే, అది రాగిని నడుమ బిగించి పట్టుకుంటుంది. నీలం ఊదాగా మారుతుంది.

ఆ సంగతి విని, పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్న మా మేనమామ, ఇంటింటా కిడ్నీ రోగులున్న ఉద్దానం నుంచి తన బోరు నీళ్లు సీసాతో తెచ్చాడు.

"సూడల్లుడూ, మా కిడ్నీలు తినీసిందేటో ఇది పట్టుకుంతాదేటి?"

కాదంటే వినడని కాసిన్ని నీళ్లు గాజుగొట్టంలో పోసి కలిపాను. రంగు మారలేదు.

"అయితే మా నీల్లు మంచివే!"

"రాగి కనబడలేదు, అంతే మావా. మీ జబ్బు దేనివల్లో ఇంకా ఎవరికీ తేలలేదు. ఏం పట్టాలో తెలీకుండా ఏ ఉంగరం వెయ్యను?" అని కసురుకున్నాను.

రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టర్లు మామకు కొలత పెట్టారు. ఆ కొలతలోంచి రెండు గుక్కలు, సీసాలో మిగిలిన నీళ్లే తాగి బస్సెక్కాడు.