భూషణం మిషన్‌లోకి పోబోయిన ఫ్యాక్స్ కాగితం

నాచారం పారిశ్రామికవాడ పక్కన మొగిలయ్యది బైండింగ్ దుకాణం. పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. చిరిగిన పుస్తకాల కుట్లు విప్పి, మళ్లీ కుట్టి నేర్చుకున్నాడు. మైలుతుత్తం కలిపి ఆయన ఉడికించే మైదా జిగురుకు పురుగు పట్టదు.

అలాంటివాణ్ణి కాదని ఛాయాదేవి మేడం పాత కరపత్రాలను భద్రపరిచే పనిని ఉప్పల్‌లో లామినేషన్ మిషన్ పెట్టుకున్న భూషణానికి ఇచ్చింది. ఆమె యూనివర్సిటీ లైబ్రరీలో చేసి రిటైరైంది. నలభై ఏళ్ల విద్యార్థి ఉద్యమాల కరపత్రాలు, పోస్టర్లు, దీక్షా శిబిరాల్లో రాసుకున్న చీటీలు పాత విద్యార్థుల ఇళ్లన్నీ తిరిగి పోగుచేసింది. అవి ఇక లైబ్రరీలో ఉంటాయి. ప్రారంభోత్సవం ఆహ్వానపత్రంలో భూషణం పేరు కూడా వేస్తారట.

అది విన్నప్పటి నుంచి మొగిలయ్యకు అన్నం సయించలేదు. బటన్ నొక్కడం కూడా ఒక పనేనా అని భార్య ఉప్పలమ్మ దగ్గర నాలుగు రోజులు అదే పాట.

"గంత కడుపుమంట ఉంటే జిగురు దాని మీదనే ఉడకబెట్టుకో, గ్యాసన్న మిగుల్తది" అందామె.

ఐదో రోజు దారం కొనే నెపంతో ఉప్పల్ వెళ్లాడు. భూషణం కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. ఆ మర్యాద కూడా గొప్పలు పోవడంలాగే అనిపించింది. మళ్లీ విప్పడానికి వీల్లేని పని పనే కాదు అనుకున్నాడు గానీ, లామినేషన్ అయిన కరపత్రాలు చూడటానికి బాగున్నాయి. అదే బాధ.

ఇంకా మిషన్‌లోకి పోవాల్సిన కాగితాల్లో ఒకటి నున్నగా, చుట్ట చుట్టుకుపోతూ ఉంది. పాత ఫ్యాక్స్ కాగితం. ఫీజుల పెంపు మీద సమ్మె జరిగిన ఏడాది వరంగల్ హాస్టల్ విద్యార్థులు మద్దతుగా పంపింది, కింద ముప్పై సంతకాలు. ఇంకో ప్రతి లేదని మేడం చీటీ రాసి పెట్టింది. అలాంటి కాగితం వేడి తగిలితే మొత్తం నల్లబడుతుంది. మొగిలయ్య ఒకప్పుడు ఏదో ఫ్యాక్టరీ ఫైలును ఇస్త్రీ పెట్టెతో సాపు చేయబోయి, తిట్లు తిని తెలుసుకున్న సంగతి అది. భూషణానికి తెలియదు.

మొగిలయ్య చాయ్ తాగి, ఏమీ అనకుండా లేచాడు. ఇక ఆహ్వానపత్రంలో భూషణం పేరు ఉండదు. మెట్రో స్తంభాల కింద నడుస్తుంటే ఆ ఊహ తియ్యగా ఉంది. బస్సెక్కాక మాత్రం ఆ ముప్పై సంతకాలే కళ్లముందు మెదిలాయి. రెండు స్టాపుల తర్వాత దిగి వెనక్కి నడిచాడు.

మిషన్ వేడెక్కింది. భూషణం ఫ్యాక్స్ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో సర్దుతున్నాడు.

"అది పెట్టకు. వేడికి నల్లగైతది. ముందుగాల ఫొటో తీయించు, అసలుది ఉత్త కాగితం కవర్ల దాయి."

భూషణం జేబులోంచి అలాంటి కాగితమే అయిన ఏటీఎం చీటీని తీసి మిషన్‌లో పెట్టి చూశాడు. నల్లటి ముక్క బయటికొచ్చింది.

"గింతకు ముందు ఈడనే కూసున్నవు గదా మొగిలన్నా. అప్పుడెందుకు చెప్పలే?"

"నీ పేరు చెడిపోవాలనుకున్న."

భూషణం మిషన్ ఆపి ఛాయాదేవికి ఫోన్ చేశాడు. తను పొరపాటు చేయబోతే మొగిలన్న వచ్చి ఆపాడని, మిగతా కాగితాలు ఆయన చేతికే ఇవ్వమని చెప్పాడు. మొదటిసారి వచ్చి మాట్లాడకుండా పోయిన సంగతి ఎత్తనే లేదు.

భూషణం స్థానంలో తనుంటే ముందు ఆ సంగతే చెప్పేవాడు. మొగిలయ్యకు భూషణం మీద మళ్లీ అసూయ పుట్టింది.