గుర్రపాయనకు నోరిచ్చిన బీబమ్మక్క

వడ్ల మీద కప్పిన టార్పాలిన్ వానకు తడిసి మళ్లీ ఎండకు కాగినప్పుడు ఒక వాసన వస్తుంది. నిన్న సూర్యాపేట మార్కెట్ పక్కనుంచి రిక్షాలో వస్తుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. రిక్షా ఆపించి కాసేపు అక్కడే కూర్చున్నాను. నాకు ఒంట్లో బాగాలేదనుకొని రిక్షా ఆయన పాపం నీళ్లు తెచ్చిచ్చాడు. నాకు బాగానే ఉంది. సినిమా డేరా గుర్తొచ్చిందంతే, డేరాతో పాటు బీబమ్మక్క.

నలభైలు ముగింపుకు వస్తున్న రోజులవి, నిజాం రాజ్యం ఇంకా ఉంది. మా ఆయన టూరింగ్ సినిమాలో మిషన్ ఆడించేవాడు. సూర్యాపేటలో కొన్నాళ్లు, కోదాడలో కొన్నాళ్లు, మిర్యాలగూడలో కొన్నాళ్లు డేరా వేసేవాళ్లం. పందొమ్మిదేళ్ల నేను ఆడవాళ్ల వైపు గుమ్మం దగ్గర టికెట్లు చింపేదాన్ని. బొమ్మలన్నీ హిందుస్తానీవి, చూడవచ్చేవాళ్లలో చాలామందికి తెలుగు తప్ప మరోటి రాదు. అందుకని ఆడవాళ్ల మధ్య నిలబడి, తెర మీది మాటలను అప్పటికప్పుడు తెలుగులో చెప్పడానికి బీబమ్మక్కను పెట్టుకున్నారు. పెన్‌పహాడ్ మనిషి, నలభై ఏళ్లుంటాయి, భర్త పోయాడు. ఉర్దూ ఇంటి భాష, తెలుగు వీధి భాష, గొంతేమో కంచు. పరదాకు అవతలున్న మగవాళ్లు కూడా చెవులు ఇటే పెట్టేవాళ్లు, అడిగితే మాత్రం ఒప్పుకునేవాళ్లు కాదు.

అన్నిటికంటే ఎక్కువ ఆడింది ఒక స్టంటు బొమ్మ. ఎక్కడివాడో తెలియని ఒకడు గుర్రం మీద ఒక ఊరికి వస్తాడు. ఆ ఊరిని పీడించేవాళ్లను చితకబాది, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతాడు. మావాళ్లు అతనికి గుర్రపాయన అని పేరు పెట్టుకున్నారు. సూర్యాపేటలో ఒక ముసలామె నాలుగోసారి చూసి, "ఆయనకు బువ్వ ఎవరు వండిపెడ్తరు? ఇంత చేసినోడు ఒక ఇల్లు కట్టుకొని ఉండరాదా?" అని బాధపడింది. అందరూ నవ్వారు. బీబమ్మక్క నవ్వలేదు.

"ఇల్లుంటే గుర్రపాయన ఎట్లయితడు అవ్వా? దొర మొదలు ఆ ఇంటినే పట్టుకుంటడు. మనం ఒక్క మాట అనాల్నంటే ఇల్లు యాదికొస్తది, పిల్లలు యాదికొస్తరు, నోరు మూసుకుంటం. ఆయనను పట్టుకునేటందుకు ఏమున్నది?"

ఇల్లూ వాకిలీ లేని వీరుడంటే జనానికి అంత మోజెందుకని తర్వాత పెద్ద పెద్ద వ్యాసాలు చదివాను. ఆ డేరాలో విన్నదానికి మించి ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నాలు ఆమె పుల్లతో మట్టిలో రాయించి నాకు ఉర్దూ నేర్పేది. కోదాడకు చేరేసరికి నాకొక సంగతి పట్టుబడింది. బొమ్మలో దారోగా అనే పోలీసును గుర్రపాయన నిలదీసే చోట చాలాసేపు మాట్లాడతాడు. బీబమ్మక్క మాత్రం "తప్పు చేస్తున్నవని అంటున్నడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

"అక్కా, ఆయన అంత మాట్లాడితే నువ్వు గింతే చెప్తవేంది?" అని అడిగాను.

ఆమె పొయ్యిలోకి పుల్ల ఎగదోస్తూ, "పోలీసోణ్ని తిడితే అమీన్ సాబ్‌కు కోపమొస్తది పిల్లా. ఈ డేరా మీద ఎనిమిది పొయ్యిలు మండుతున్నయ్," అంది. అమీన్ అంటే ఆ రోజుల్లో ఠాణా అధికారి. నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఆ ఎనిమిదిలో నా పొయ్యి కూడా ఉందని తర్వాత తట్టింది.

మిర్యాలగూడలో గొడవ వచ్చింది. డేరాకు వెళ్లొచ్చిన కూలి ఆడవాళ్లు ఎదురు మాట్లాడుతున్నారనీ, బీబమ్మ లేని మాటలు కల్పించి రెచ్చగొడుతోందనీ త్రిపురారం వైపు దొర ఒకాయన ఫిర్యాదు చేశాడు. ఆమె కల్పించడం కాదు, కత్తిరిస్తోందని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ రాత్రి మొదటి ఆటకు అమీన్ సాబ్ వచ్చి పరదా పక్కనే కుర్చీ వేయించుకున్నాడు.

"తెర మీద ఏమంటే గదే చెప్పాలె. ఒక్క మాట ఎక్కువైనా, ఒక్క మాట తక్కువైనా డేరా ఖతం," అన్నాడు.

మా డేరా యజమాని చేతులు జోడించి నిలబడ్డాడు. బీబమ్మక్క "జీ సాబ్" అంది.

దారోగా ఘట్టం వచ్చింది. మాట మింగితే, ఉర్దూ వచ్చిన అమీన్ పట్టుకుంటాడు. చెబితే, ఆయన మొహం మీదే అన్నట్టవుతుంది. గుర్రపాయనకు పోయేదేమీ లేదు, ఈమెకు ఉంది. బీబమ్మక్క కొంగు బొడ్లో దోపుకుని గొంతెత్తింది.

"నువ్వు తినేది రైతు గింజ, కావలి కాసేది దొంగ ఇల్లు. నీ ఒంటి మీది బట్ట మా చెమటతోని కొన్నది. ఆ బట్ట సూసి భయపడుడు ఇయ్యాల్టితోని బందు."

ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట వదల్లేదు. నేను సాక్ష్యం చెప్పగలను. అమీన్ సాబ్ మొహం మాడిపోయింది. ఆట అయ్యేదాకా కూర్చుని, "బరాబర్ చెప్పింది" అని యజమానితో అని వెళ్లిపోయాడు. ఆడించుకోవచ్చని సర్కారే ముద్ర వేసిన బొమ్మను ఆయన మాత్రం ఏమనగలడు? నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

అంతలో త్రిపురారం నుంచి వచ్చిన ఒకామె, బిడ్డను చంకనెత్తుకుని బీబమ్మక్క ముందు నిలబడింది. "ఈ బొమ్మ మూడుసార్లు సూసిన. ఇన్ని దినాలు ఈ మాట మాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది.

చెప్పుకోవడానికి ఎనిమిది పొయ్యిలున్నాయి. బీబమ్మక్క వాటి ఊసెత్తలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, "తప్పయింది చెల్లె. అది నీ మాట. నేను దాసుకున్న," అంది. అమీన్ ముందు ఎత్తిన గొంతును ఆమె ముందు దించింది. ఆమెను చూసి నేను ఎక్కువ గర్వపడింది అప్పుడే.

తర్వాత నేను ఉర్దూ సాహస నవలలను తెలుగు చేసి బతికాను. పుస్తకం పెరిగిపోతోందనీ, ఎవరికో కోపం వస్తుందనీ, ఇక్కడో రెండు వాక్యాలు తీసేయమనీ ప్రచురణకర్తలు అడుగుతూనే ఉన్నారు. నేను తీయలేదు. అందువల్ల రెండు పుస్తకాలు అచ్చుకాకుండానే పోయాయి. నా అనువాదాల్లో తప్పులు ఉంటాయి, వెతికితే దొరుకుతాయి. మింగిన మాట మాత్రం ఒక్కటీ దొరకదు.