నీళ్ళు చొరని జీపు

కారుతో సహా కాలవలోకి పోయినవాళ్ళు మా వైపు చాలామందే ఉంటారు. అన్ని జాగ్రత్తలూ తీసుకుని, బండిని పెళ్ళికొడుకులా ముస్తాబు చేసి, అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని మరీ వాగు మధ్యలో గాలిపటంలా తాడుకి వేలాడిన మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. ఇందులో నా గొప్ప కూడా కొంత ఉంది, అది చెప్పకుండా వదిలే రకాన్ని కాదు.

మాది జంగారెడ్డిగూడెం నుంచి లోపలికి వెళ్ళే పల్లె. పామాయిల్ తోటలు, జీడితోటలు, దారికి అడ్డంగా ఒక వాగు. వానాకాలంలో అది దాటడానికి వేసిన సిమెంటు చప్టా మీదికెక్కి పారితే ఊరంతా ఇళ్ళల్లో కూర్చోవాల్సిందే. తోట పనికని సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నాను. ఇంతలో మా దగ్గరే ఉంటున్న అత్తగారు సూరమ్మగారికి రాజమండ్రిలో శుక్లం ఆపరేషన్ కుదిరింది. వానల వల్ల అప్పటికే ఒకసారి తప్పిపోయింది. పాపం ఆవిడకి మసక ఎంత ముదిరిందంటే, గుమ్మంలో నిలబడ్డ నన్ను గేదె అనుకుని ‘హేయ్, హేయ్’ అని అదిలించారు.

“ఈసారి ప్రళయమొచ్చినా తీసుకెళ్తానండి అత్తయ్యగారూ” అని మాటిచ్చేశాను.

ఇక చూడండి నా ప్రతాపం. ఇంజను నీళ్ళు మింగితే చస్తుంది కాబట్టి, అది గాలి పీల్చుకోవడానికి టాప్ ఎత్తుదాకా ఏనుగు తొండంలాంటి గొట్టం పెట్టించాను. గేర్‌బాక్సు, ఇరుసులు ఊపిరి తీసుకునే సన్న పైపుల్ని కూడా పైకి లాగించాను. వైర్ల అతుకులకి గ్రీజు పట్టించాను. ఫ్యాను నీళ్ళని ఇంజను మీదికి చిమ్మకుండా బెల్టు వదులు చేశాను. మెకానిక్కే నన్ను ‘గురువుగారూ’ అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. నేను ఆగలేదు. తలుపుల సందులన్నిటికీ రబ్బరు అంటించి, పైన సిలికాన్ పూశాను. అడుగున ఉన్న కన్నాలకి బిరడాలు బిగించాను.

“తలుపులకి ఆ జిగురేంటండీ?” అంది మా ఆవిడ పద్మ.

“మీ అమ్మగారి చీర అంచు కూడా తడవకూడదు!”

ఆపరేషన్ రోజు పొద్దున్నకి వాన ఆగి, వాగు ఉరవడి తగ్గింది. వెదురుగడతో నేనే దిగి చూసొచ్చాను. నీళ్ళు నడుంలోతు, చప్టా గట్టిగానే ఉంది. జీపు వెనక కొక్కేనికి పొడుగాటి తాడు కట్టి, రెండో కొస గట్టు మీది కొబ్బరిచెట్టుకి చుట్టి, మా బావమరిది శ్రీను చేతికిచ్చాను. పద్మనీ, అత్తగారినీ ఎక్కించుకుని, అద్దాలు దించి, బండిని నెమ్మదిగా నీళ్ళలోకి దింపాను.

సగందాకా రాజాలా వెళ్ళాం. బండి ముందు అల లేస్తుంటే నా మీసం కూడా లేచింది. అంతలో స్టీరింగు దూదిలా తేలికైపోయింది. కుడికి తిప్పితే బండి కుడికి పోదు, ఎడమకి తిప్పితే ఎడమకి పోదు. ఇంజను మాత్రం కచేరీ చేస్తోంది.

“ఏవండీ, చెట్లు పక్కకి పోతున్నాయేంటండీ?” అంది పద్మ.

పోతున్నవి చెట్లు కాదు, మేము! ఒక్క చుక్క లోపలికి రాకపోయేసరికి, మూత బిగించిన ఖాళీ డ్రమ్ములా జీపు తేలిపోయింది. చక్రాలు నీళ్ళలో తిరుగుతున్నాయి, కింద నేల లేదు. తాడు ఫట్‌మని బిగిసి మమ్మల్ని చప్టా అంచు దాటిపోకుండా ఆపింది.

“బావగారూ! అది జీపా, పడవా?” గట్టు మీంచి శ్రీను కేక.

“తాడు వదిలావంటే చంపుతానొరేయ్!”

అత్తగారికి కనపడకపోయినా ఊగుడు తెలిసింది. “గోదారి దాటించే పంటు ఎక్కించారా అల్లుడుగారూ? హాయిగా ఉందండి.”

అప్పుడు వెలిగింది నాకు. వంగి, కాళ్ళ కిందున్న బిరడాలు ఒక్కొక్కటే పీకాను. నీళ్ళు బుడబుడా లోపలికొచ్చాయి.

“అయ్యయ్యో! పడవలోకి నీళ్ళొస్తే తోడి పోస్తారు గానీ, చిల్లు పెడతారేంటండీ!” అని అత్తగారు కాళ్ళు సీటు మీదికి లాక్కున్నారు.

“మునిగితేనే దాటతామండి అత్తయ్యగారూ!”

నీళ్ళు సీటు అంచుకొచ్చేసరికి చక్రాలు చప్టాని తాకి పట్టు దొరికించుకున్నాయి. “తాడు వదలరా శ్రీనూ!” అని అరిచి, నెమ్మదిగా అవతలి గట్టెక్కించాను. తలుపు తెరవగానే చిన్న జలపాతం. నేను, పద్మ, అత్తగారి చీర, అన్నీ ముద్ద. కానీ వినండి, ఇంజను ఒక్కసారి, ఒకే ఒక్కసారి కూడా దగ్గలేదు! ఆ మాట ఇప్పటికీ కాలరెగరేసే చెబుతాను. పట్టు కోసం నీళ్ళు రానివ్వాలని తోచింది ఎవరికి? నాకు!

దారిలో బట్టలు మార్చుకుని, సమయానికి ఆసుపత్రి చేరాం. ఆపరేషన్ దివ్యంగా జరిగింది. మర్నాడు కట్టు విప్పగానే అత్తగారు లోకమంతా కొత్తగా చూసి, బయట ఎండలో నిలబెట్టిన నా జీపునీ, దాని తొండాన్నీ, తలుపులకి వేలాడుతున్న సిలికాన్ పీచుల్నీ తేరిపార చూశారు. ఆనక ఎంతో మర్యాదగా అన్నారు:

“అల్లుడుగారూ, ఇంటికి బస్సులో వెళ్దామండి. వచ్చేటప్పుడంటే నాకు కళ్ళు కనపడలేదు.”

అందుచేత, ఆ కొత్త చూపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇంజనుకి ఇంకెన్ని గొట్టాలైనా పెడతాను గానీ, బతికున్నంతకాలం తలుపులకి జిగురు పూయను. చీరలు తడిస్తే ఆరతాయి.