పలమనేరులో చెవిటి పెట్టె

ఆ రోజుల్లో యుద్ధానికి పోయి వచ్చినవాడికి తెలియని విద్య లేదని జనం నమ్మేవాళ్లు. ఆ నమ్మకాన్ని చెడగొట్టడం నాకెందుకని నేనూ ఊరుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్ల వయసులో సైన్యం నుంచి పలమనేరుకు తిరిగొచ్చి, ‘వైర్‌లెస్‌లో పనిచేసినాను’ అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకున్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. వైర్‌లెస్ పెట్టె వీపున తగిలించుకుని నడిచే హవల్దారు వెనకాల, దాని బ్యాటరీలు మోసుకుంటూ నేను నడిచాను. (మా ఇద్దరి మధ్యా తీగ కూడా ఉండేది.)

ఆ మాట నమ్మి మా ఊళ్లో పాడి ఆవులున్న ఆసామి ఒకాయన నన్ను పనిలో పెట్టుకున్నాడు. ఆయన మామగారు చిత్తూరులో ప్లీడరు. ఆ ప్లీడరుగారికి వైర్‌లెస్ అంటే ప్రాణం. యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన పెట్టెలు రెండు కొని, లైసెన్సులు తెప్పించి, ఒకటి తన మేడ మీద పెట్టుకుని రెండోది అల్లుడికి పంపించాడు. చిన్న ట్రంకుపెట్టెంత ఉంటుంది. చెవులకు హెడ్‌ఫోను, చేతికి మైకు, మైకుకు ఒక గుండీ. గుండీ నొక్కితే మన మాట అవతలికి పోతుంది, వదిలితే వాళ్ల మాట మనకు వినబడుతుంది. రెండూ ఒకేసారి జరగవు. ప్రతి ఆదివారం మామా అల్లుళ్లు వానల గురించీ కోర్టు గురించీ మాట్లాడుకునేవాళ్లు. పెట్టె తుడవడం, గుండీ నొక్కి పిలవడం నా పని. నాలుగు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు గనుక నిపుణుడిగానే చలామణి అయ్యాను.

ఆ ఏడు ఆసామి భార్య తొలికాన్పుకు చిత్తూరు పుట్టింటికి వెళ్లింది. మూడు రోజులు ఎడతెగని వాన. కొండ కనమలో రోడ్డు కోసుకుపోయి బస్సులు ఆగిపోయాయి, తంతి తీగలు తెగిపడ్డాయి. నాలుగో రోజు పొద్దున పెట్టెలో ప్లీడరుగారి గొంతు వణుకుతూ వినబడింది. “అమ్మాయికి నొప్పులు మొదలైనాయి. బిడ్డ అడ్డం తిరిగినట్టుండాదని డాక్టరమ్మ అంటా ఉండాది. గంటాగి పిలవండి.”

ఆసామి ముఖంలో నెత్తురు చుక్క లేదు. గంట ఆగడం ఆయన వల్ల అవుతుందా? “పిలువప్పా, పిలస్తానే ఉండు” అన్నాడు. పిలిచాను. అరగంట నొక్కేసరికి బొటనవేలు మొద్దుబారిపోయింది. ఆసామి తల్లి (ఊరందరికీ అవ్వ) దీపం తుడిచే పాత గుడ్డపేలిక అక్కడుంటే, దాంతో గుండీని బిగించి కట్టేశాను. వినాల్సినప్పుడు విప్పుదామనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆసామి నా భుజం పట్టి ఊపేశాడు. “ఏమంటా ఉండారు?” విన్నాను. మాట లేదు, బుసబుస చప్పుడైనా లేదు. ఆ గాభరాలో నేను కట్టిన కట్టు నాకే గుర్తు లేకుండా పోయింది.

ఇక నా నైపుణ్యమంతా బయటికి తీశాను. హెడ్‌ఫోను విదిలించాను. పెట్టె మూత తీసి లోపలి బల్బులను ఊది, మళ్లీ గుచ్చాను. వానలో నిచ్చెనేసి ఇంటిమీదికెక్కి ఏరియల్ తీగ సరిచేస్తూ జారి, ఆరు పెంకులు పగలగొట్టాను. ఎర్తు కోసం భూమిలో పాతిన కడ్డీ చుట్టూ రెండు కడవల నీళ్లు పోశాను. (మూడు రోజులుగా వాన కురుస్తున్న నేల మీద!) పెట్టె మాత్రం చెవిటిదానిలా కూర్చుంది.

ఆసామి మైకు పక్కనే నేలమీద కూలబడ్డాడు. “సామీ, నా పెండ్లాన్ని బతికించు. ఇంక జన్మలో కూరలో ఉప్పు లేదని దాని మింద కసరను” అని ఏడ్చాడు. అవ్వ చేతులు జోడించింది. “తల్లీ బిడ్డా బయటపడితే నా వడ్డాణం కోడలికి ఇచ్చేస్తా, స్వామీ.” అది చూసి నాకూ ఆగలేదు. అవ్వ కాళ్లమీద పడ్డాను. “అవ్వా, నాకు వైర్‌లెస్ రాదు. నేను బ్యాటరీలు మోసినోణ్ణి. హవల్దారు ఏం చేస్తాడో యెనకనుంచి సూసినా, అంతే.”

నన్ను తంతారనుకున్నాను. ఆసామికి ఆ ఓపిక కూడా లేదు. అవ్వ మాత్రం కళ్లు తుడుచుకుని మైకు కేసి చూసింది. “సరేలే. ఆ గుండీకి గుడ్డ యాలప్పా కట్టినావు? దానికేమన్నా దెబ్బ తగిలిందా?”

పంటితో ముడి విప్పాను. గుండీ పైకి లేచింది. ఒక్కసారిగా హెడ్‌ఫోను నిండా బుసబుస, దాని మధ్య బొంగురుపోయిన ప్లీడరుగారి కేక. “వదలరా నాయనా, ఆ గుండీ వదలరా!”

హెడ్‌ఫోను ఆసామి చెవులకు పెట్టేశాను. ఆయన వింటూ వింటూ గోడకు చేరగిలబడిపోయాడు. “ఆడబిడ్డంట, అమా. గంటయిందంట. ఇద్దరూ బాగుండారంట.” అవ్వ పెట్టెకే దండం పెట్టింది. నేను ఆ తడినేల మీదే కూర్చుండిపోయాను. ఆ క్షణంలో గుండెలమీదనుంచి దిగిన బరువు, సైన్యంలో మోసిన బ్యాటరీలన్నీ కలిపినా అంత ఉండవు. తర్వాత ఆసామి ముఖం ఎర్రబడింది. “మనం మాట్లాడిందంతా ఆడ ఇనబడిందంట, అమా. ఉప్పు మాట రాసి పెట్టుకున్నారంట. వడ్డాణం ఎప్పుడు తెస్తావని అడగతా ఉండారు.” “ఇస్తానన్నాక ఇయ్యనా?” అంది అవ్వ, కొంచెం నీరసంగా.

రోడ్డు బాగయ్యాక ముగ్గురం బస్సులో చిత్తూరు వెళ్లాం. నా ఉద్యోగం ఊడిందనే అనుకుంటూ గుమ్మం బయటే నిలబడ్డాను. ప్లీడరుగారు నన్ను లోపలికి పిలిచి, వైర్‌లెస్ పాఠాల పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. “ఈసారి ముందునుంచి నేర్చుకో” అన్నారు. తర్వాత ముప్పయ్యేళ్లు నాకు అన్నం పెట్టింది ఆ విద్యే. ఆ రోజు పుస్తకం అందుకోగానే బాలింత గదిలోంచి అవ్వ పసిగుడ్డును తెచ్చి నా చేతుల్లో పెట్టింది. బిడ్డ నన్ను చూసి ఇల్లెగిరిపోయేలా కేకపెట్టింది. అందరూ నవ్వుతుంటే నా కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. ఏమయిందప్పా అని ఆసామి అడిగితే, సాంబ్రాణి పొగ కళ్లలో పడిందన్నాను. ఆ ఇంట్లో ఆ పూట సాంబ్రాణి ఇంకా వెయ్యనే లేదు. ఆ ఏడాది నేనాడిన అబద్ధాలన్నింటిలోనూ, ఇన్నేళ్లకు తలుచుకున్నా సిగ్గనిపించనిది అదొక్కటే.