పై గదిలో పది రోజుల సెలవు

మార్చి నెలలో ఒక సోమవారం నుంచి మా పై గదిలో చప్పుడు ఆగిపోయింది.

ఆ గదిలో పక్కింటి కోడలు ఉద్యోగం చేసుకుంటుంది. జర్మనీ వాళ్ల కంపెనీ. పక్కింటి వాళ్లకు మార్కెట్లో పురుగుమందుల షాపు ఉండటంతో ఇంటి ముందు గది నిండా డబ్బాలే. పైగా కరెంటు పోతే ఇంటర్నెట్ పోతుంది. మాకు ఇన్వర్టర్ ఉంది. అందుకని రెండేళ్లుగా మధ్యాహ్నం పన్నెండు దాటాక మా మెట్లెక్కి, రాత్రి తొమ్మిదికి దిగుతుంది. ఆ ఇంగ్లీషు మాటలు, మధ్యలో నవ్వు, కుర్చీ జరిపే చప్పుడు కింద నేను కూర్చునే చోటికి వినిపిస్తూనే ఉంటాయి. ఆ సోమవారం నుంచి మనిషి వస్తోంది, మెట్లెక్కుతోంది, అంతే. తర్వాత ఏమీ లేదు.

నేను నరసరావుపేటలో ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై మూడేళ్లు పనిచేశాను. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరి ఖాతాలో ఎన్ని సెలవులు మిగిలాయి, ఇవి చూసే సెక్షన్ నాది. మనిషి సీట్లో ఉండి పని జరగకపోతే నాకు ఇప్పటికీ కాలు నిలవదు. రెండు రోజులు మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

మా ఆవిడ చూస్తూనే ఉంది. "ఏంది, ఆ పిల్ల మీద నిఘా పెట్టారా? మీరు రిటైరై పదకొండేళ్లయింది, ఎవరన్నా చెప్పారా లేదా?"

మూడో రోజు మంచినీళ్ల సీసా వంకతో పైకి వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. లాప్‌టాప్ మూత వేసి ఉంది. అమ్మాయి చాప మీద పడుకుని, చున్నీ ముఖం మీద కప్పుకుని నిద్రపోతోంది. నా అలికిడికి ఉలిక్కిపడి లేచింది.

"ఉద్యోగం పోయిందా అమ్మా?" అన్నాను. నాకు ముందు తోచింది అదే.

"లేదు పెదనాన్నగారూ. సెలవులో ఉన్నా."

"సెలవైతే ఇంట్లో ఉండక ఇక్కడేంది?"

"ఇంట్లో తెలిస్తే అది సెలవెట్టా అవుద్ది?"

పోయిన ఏడాది సెలవుల్లో ఆమెకు పది రోజులు మిగిలాయట. మార్చి నెలాఖరులోగా వాడుకోకపోతే పోతాయి. ఆ దేశం లెక్కే ఇక్కడి వాళ్లకూ వర్తిస్తుందట. మేనేజరు మూడుసార్లు మెయిల్ పెట్టి, ఎందుకు వాడుకోలేదని అడిగాడట, తప్పు చేసిన మనిషిని అడిగినట్టు. సెలవు పెట్టనందుకు సంజాయిషీ అడిగిన ఆఫీసరును నా సర్వీసులో చూడలేదు. మా రూల్సు ప్రకారం సెలవును హక్కుగా కోరరాదు. ఎన్ని అర్జీల మీద నా చేత్తోనే ఆ వాక్యం రాశానో.

అమ్మాయి అత్తగారి వాళ్లకు ముప్పాళ్లలో నాలుగెకరాల మిరప తోట ఉంది. కోతలు ముమ్మరంగా ఉన్నాయి. అత్తగారు తెల్లవారక ముందే ఆటోలో వెళ్తుంది. కూలీల తిండి చూడాలి, కాయ కల్లంలో ఎండబోయించాలి, రంగు పోయిన తాలు కాయలు ఏరించాలి.

"సెలవని నోరు జారితే తెల్లారి నేను కల్లంలో ఉంటా. పోయినేడు ఐదు రోజులు అట్టాగే పోయినయ్. ఆదివారాలు ఎటూ పోతానే ఉన్నా. ఈ పదీ నాక్కావాలి పెదనాన్నగారూ. అత్తయ్యకి చెప్పమాకండి."

చెప్పనన్నాను. అన్నాక నాకు స్థిమితం లేకుండా పోయింది. నలభై ఆరేళ్లుగా డైరీ రాస్తున్నాను. వాతావరణం, వచ్చినవాళ్లు, జరిగిన పని, అదీ వరుస. ఆ సాయంత్రం "పై గదిలో అమ్మాయి" అని రాసి ఆగిపోయాను. పని చేసింది అని రాస్తే అబద్ధం, నిద్రపోయింది అని రాస్తే నాకే ఏదోగా ఉంది.

మర్నాడు ఆమెను కూర్చోబెట్టి, తనతో పనిచేసే వాళ్ల దేశాల్లో ఎన్నేసి రోజులిస్తారో అడిగి కాగితం మీద గళ్లు గీసి రాసుకున్నాను. ఫ్రాన్సులో ఐదు వారాలు చట్టమే ఇస్తుంది. ఆగస్టు వస్తే అక్కడి వాళ్లెవరూ ఫోనుకు దొరకరట. బ్రెజిల్‌లో ముప్పై రోజులు, పైగా సెలవులో వెళ్లేటప్పుడు జీతం మీద మూడో వంతు అదనం. జపాన్‌లో సెలవులు ఉన్నా, భారం తోటివాళ్ల మీద పడుతుందని మొహమాటపడి వదిలేసేవాళ్లు చాలామందట. అమెరికాలో చట్టప్రకారం ఒక్కరోజు కూడా లేదు, యజమాని దయ. మన ఫ్యాక్టరీల్లో ఇరవై రోజుల పనికి ఒక రోజు. నాకైతే జనవరిలో పదిహేను, జూలైలో పదిహేను జమ అయ్యేవి.

వాటినేం చేశానో చూద్దామని పాత డైరీలు దించాను. చెల్లెళ్ల పెళ్లిళ్లు. నాన్న ఆసుపత్రి. పత్తికి మందు కొట్టించడం. గట్టు తగాదాలో గురజాల కోర్టు వాయిదాలు, అవే ఎక్కువ. ఊరికే పడుకున్నానని రాసిన రోజు కోసం రెండు పూటలు వెతికాను. దొరకలేదు. ఆ కాగితం మడిచి పెట్టేశాను గానీ, కూర్చుంటే లేవాలనిపించడం, లేస్తే ఎక్కడికో తెలియకపోవడం మాత్రం పోలేదు.

రెండో సోమవారం, దీపాలు పెట్టే వేళ ఆమె అత్తగారు కల్లం నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. చీర నిండా మిరప దుమ్ము. నేనూ మా ఆవిడా తుమ్ములు మొదలుపెట్టాం.

"అన్నయ్యా, నా నడుం పనైపోయింది. నువ్వు సెలవులాయనవి గదా. మా పిల్లకి నాలుగు రోజులు సెలవిమ్మని ఆ జర్మనీ దొరకి ఒక అర్జీ రాసిపెట్టు. అది నోరు తెరిచి అడగదు, చానా భయం దానికి."

పైన కుర్చీ జరిగింది. మా ఆవిడ నావైపు చూసింది.

"ఇప్పటికిప్పుడు ఇవ్వరమ్మా. ముందుగా అడగాలి" అన్నాను.

"నీ రూళ్లు తగలెయ్య! నిన్ను సెలవడిగి బాగుపడినోడు ఎవడున్నాడ్లే."

"నాలుగు రోజులేగా. నేనొస్తా" అన్నాను.

"నువ్వా? రెండు తుమ్ములు తుమ్మి మజ్జిగ అడుగుతావు."

"తీసుకుపో వదినా," అంది మా ఆవిడ. "ఈయన తిరుగుడికి మా మెట్లు అరిగిపోతన్నయ్."

మంగళవారం, బుధవారం కల్లంలో టార్పాలిన్ పట్టా నీడన కూర్చున్నాను. కళ్లు మండాయి. ఏ కూలీ ఎప్పుడొచ్చిందో అలవాటు కొద్దీ రాసుకుంటుంటే, "తాతా, మాకూ సెలవులిస్తావా ఏంది?" అని ఒకామె అంది, అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. అత్తగారు మాత్రం నడుం పట్టుకుని కూలీలకు అన్నం వడ్డిస్తోంది. ఆమెకు ఎదురుగా కూర్చుని నిజం దాచడం ఎండకంటే కష్టంగా ఉంది.

బుధవారం తిరిగొచ్చేసరికి అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది.

"మొన్న అత్తయ్య మాటలు విన్నప్పట్నుంచీ కన్ను మూతపడలా. మీరు ఎండలో, నేను ఫ్యాను కింద. ఇదేం సెలవు? చెప్పేస్తా."

"చెప్తే మిగిలిన రెండూ పోతయ్యి."

"పోనియ్యను" అని విసురుగా లేచి వెళ్లింది.

మా రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడే. నేను వినకూడదనుకుంటూనే నిలబడ్డాను.

"అత్తయ్యా, నేను సెలవులో ఉన్నా. ఎనిమిది రోజులైంది."

పంపు కింద బక్కెట్ నిండి పొర్లుతోంది. ఎవరూ కట్టేయలేదు.

"మరి పైన ఏం చేస్తన్నావే?"

"నిద్రపోతన్నా."

"ఎనిమిది రోజులా!"

"ఇంకో రెండున్నయ్. రేపూ ఎల్లుండీ కల్లానికి రాను. శని, ఆది రెండ్రోజులూ వస్తా."

"పెద్దాయన్ని ఎండలో కూర్చోబెట్టి… నోరు తెరిచి అడిగితే నేను వద్దన్నానా?"

"అడగట్లా అత్తయ్యా. చెప్తన్నా."

బక్కెట్ గచ్చు మీద ధణేలుమంది.

గురువారం చీకటితోనే ఆటో వచ్చింది. పక్కింట్లో అమ్మాయి గది కిటికీ మూసి ఉంది. లోపల నిద్రపోతోందో, కళ్లు తెరుచుకుని ఉందో నాకు తెలియదు. నేను ఒప్పుకున్నవి నాలుగు రోజులు గనక ఎక్కి కూర్చున్నాను. ఊరు దాటిందాకా అత్తగారు నా వైపు చూడలేదు.

"అర్జీ రాయమంటే ముందుగా అడగాలన్నావు," అంది చివరికి. "అబద్ధం కూడా రూలు ప్రకారమే చెప్తావు నువ్వు."

తప్పేనన్నాను. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుంది. మరో రెండు మైళ్లు పోయాక, కోపం తగ్గని గొంతుతోనే అడిగింది.

"ఆ దేశంలో అందరికీ అన్నేసి రోజులేనా? ఆడోళ్లక్కూడా?"

"అందరికీ."

"మరి మిరపకాయలు ఎవరు కోస్తారు?"

"అక్కడ మిరప పండదమ్మా."

"ఏదో ఒకటి పండుద్దిగా అన్నయ్యా."

ఆటో చేను గట్టున ఆగింది. కూలీలు అప్పటికే సాళ్లలో ఉన్నారు. ఆమె నడుం పట్టుకుని ఒక కాలు కింద పెట్టి, నెమ్మదిగా రెండోది దించి, తలకు గుడ్డ చుట్టుకుంటూ వాళ్ల వైపు నడిచింది.