పొదిలి ల్యాబ్, ల్యాబ్ పొదిలి

మొన్న శనివారం మా సునీత పెళ్ళి సంబంధాన్ని చేతులారా... కాదులే, నోరారా ముంచేయబోయాను! నవ్వకండే, ముందు వినండి.

మా జూలీ తెలుసుగా, నా ల్యాబ్రడార్ కుక్క. దాని తల్లి ఆరేళ్ళకే వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ తిరిగేది. చూడలేకపోయేదాన్ని. అందుకే జూలీకి జత వెతుకుతున్నానంటే సత్తెనపల్లిలో పశువుల డాక్టరుగారు గట్టిగా చెప్పారు: "తుంటి కీలు వదులవడం ఈ జాతిలో వంశపారంపర్యమమ్మా. రెండిటికీ ఎక్స్‌రే తీయించాలి. తాతల దాకా అడగాలి. దగ్గర చుట్టరికం అసలొద్దు."

పొదిలిలో ఒకాయన దగ్గర మగ ల్యాబ్ ఉందంటే, నంబరు "పొదిలి ల్యాబ్" అని సేవ్ చేశాను. మా చెల్లెలు సునీతని చూసెళ్ళిన వాళ్ళదీ పొదిలే. అబ్బాయి ల్యాబ్ టెక్నీషియన్. వాళ్ళ నాన్న నంబరు ఏమని పెట్టానో తెలుసా? "ల్యాబ్ పొదిలి"! ఆదివారం చర్చి అయ్యాక కబురు చెబుతామన్నారు. సునీతకి అబ్బాయి తెగ నచ్చాడు, ఆ వారమంతా సరిగ్గా అన్నమే తినలేదు.

శనివారం స్టాఫ్ రూమ్‌లో పేపర్లు దిద్దుతూ ఫోన్ కొట్టాను.

"వందనాలండీ. సత్తెనపల్లి నుంచి టీచర్ని. మా పిల్ల విషయం. మీవాడు ల్యాబే కదా?"

"వందనాలమ్మా. అవును, ల్యాబే."

"తుంటి ఎక్స్‌రే తీయించారా?"

"ఎవరికమ్మా?"

"మీవాడికేనండీ! తల్లి నడక ఎలా ఉంటుంది? తండ్రి కాళ్ళు బాగానే ఉన్నాయా? మేనరికం సంతానం కాదుగా? దాచకండి, రేపు పుట్టే పిల్లలు బాధపడతారు."

అటునుంచి సన్నగా, "నాకు కిందటేడు తుంటి ఆపరేషనైందమ్మా. బస్సు మెట్ల మీంచి పడ్డాను. దాచాలని కాదు..." అన్నారు.

పాపం, ఓనరుకీ తుంటి బాధేనా అని జాలిపడ్డానే గానీ నా బుర్ర వెలగలేదు! "మీ సంగతి కాదండీ. రేబీస్ ఇంజక్షన్ వేయించారా?"

"మా ప్రభాకర్‌ని ఏ కుక్కా కరవలేదమ్మా!"

ప్రభాకర్! సునీతని చూసెళ్ళిన అబ్బాయి! వారం నుంచి మా ఇంట్లో ఇంకో పేరు వినపడితే ఒట్టు. "అంకుల్, నేనడిగింది కుక్క గురించండీ!" అన్నాను. అది ఇంకా ఘోరంగా వినపడింది కాబోలు, ఫోన్ పెట్టేశారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అబ్బాయికి జూలీ ఫోటో పెట్టి, జరిగిందంతా రాసి, క్షమించమన్నాను. బ్లూ టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

సాయంత్రం జూలీ ఎక్స్‌రే వచ్చింది. దానికీ కీలు వదులే, పిల్లలొద్దన్నారు డాక్టరుగారు. అంటే అసలా ఫోనే అక్కర్లేదు! సునీతకి చెబితే తిట్టలేదు. లోపలికెళ్ళి తలుపేసుకుంది. అదే తిట్టినా బాగుండేది. ఆదివారం చర్చిలో ప్రసంగం ఒక్క ముక్క నా చెవికెక్కలేదు.

మధ్యాహ్నం ఫోన్ టింగుమంది. తెరిస్తే, తుంటి ఎక్స్‌రే! మనిషిదే. కింద మెసేజ్: "వదినగారూ, మా ఆసుపత్రిలోనే తీయించుకున్నాను. రెండు తుంట్లూ గట్టిగా ఉన్నాయి. నాన్నగారు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. మాకిష్టమే. ఒక్కటే డౌటు, మీ నోరు వంశపారంపర్యమా?"

నేను జవాబు వెతుక్కునేలోపే సునీత ఫోన్ లాక్కుని టైప్ చేసేసింది: "అవునండీ. అక్కకి సగమే వచ్చింది, నాకు ఫుల్లు."