దిక్సూచి కింద లాడం

చిత్తూరులో మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ఉన్న ఒక షావుకారు మద్రాసులో తెరచాప పడవ కొన్నాడు. ఆయనకు ఈత రాదు. గాలి ఎటు వీస్తోందో తెలియదు. దేశం విడిచి పోతున్న ఒక దొర చవకగా ఇస్తానంటే, సంతలో మిగిలిన కాయల్ని గంపగుత్తగా ఎత్తినట్టు ఎత్తేశాడు. ఆనాటి నుంచి ఎవరు ఎదురుపడినా 'మా పడవ' తప్ప వేరే మాట లేదు. ఆయన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

ఆ పడవలో ఒక పాత ఆటోపైలట్ ఉండేది. చుక్కాని చక్రం దగ్గర మనిషి లేకపోయినా, దిక్సూచిని బట్టి పడవను ఒకే దిక్కుగా నడిపే యంత్రం. అది మొరాయించినప్పుడల్లా బాగుచేసింది మా నాయనే. తిరుపతిలో ఆయనకు మోటార్ల వైండింగ్ అంగడి ఉండేది. ఫ్యాక్టరీ మోటార్లన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. షావుకారు లెక్కలో తిరిగేదల్లా మోటారే, మోటారైతే మా నాయన చూడాల్సిందే. నాయన మద్రాసు బస్సెక్కి పోయి, లోపల కరెంటును కలిపి తెంచే రిలేలను గరుకు ఉప్పుకాగితంతో రుద్ది నడిపించి వచ్చేవాడు.

అప్పుడు ఎనభైల మొదలు. నేను కొత్తగా పాలిటెక్నిక్ డిప్లొమా చేతబట్టుకుని ఉన్నాను. నాయన ఐదో తరగతి. స్క్రూడ్రైవర్ ఒక కొన మోటారుకు, ఇంకో కొన చెవికి ఆనించి జబ్బు చెప్పేవాడు. నాకు ఆయనంటే కూడా చులకనే, దాచుకోవడమెందుకు.

ఒకరోజు షావుకారు అంగడికి వచ్చాడు. అల్లుడు సింగపూరు నుంచి కొత్త ఆటోపైలట్ పెట్టె, దాని దిక్సూచి తెచ్చాడట.

"పాతది పీకేసి ఇది పెట్టప్పా. ఆదివారం ప్లీడర్లను పిలిచినాను. వాళ్ల ముందర సక్కంగా నడవల్ల. నడవకపోతే ఇంక ఫ్యాక్టరీ మెట్టు ఎక్కబాక" అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఎక్కుతున్న మెట్టు అది.

నాయనా నేనూ రెండు రోజులు మద్రాసులో పని చేశాం. చుక్కానిని తిప్పే పాత మోటారును, గొలుసును ఉంచి, రిలేల పెట్టె తీసేసి కొత్తది బిగించాం. దిక్సూచిని లోపలి గదిలో చెక్క అర మీద పెట్టాం. "దీని పక్కన ఇనుము ఉండకూడదు రా" అంటూ నాయన ఆ అరకున్న ఇనుప స్క్రూలన్నీ తీసి ఇత్తడివి వేశాడు. ముసలాయన చాదస్తమని నవ్వుకున్నాను. సింగపూరు పుస్తకంలో కూడా ఆ మాటే ఉంది, నేనే చదివాను. శనివారం పడవను తోలి చూస్తే గీత గీసినట్టు పోయింది.

ఆదివారం పొద్దున షావుకారు పూజకు దిగాడు. కొబ్బరికాయ, నిమ్మకాయలు, వాటితోపాటు జట్కా గుర్రం కాలి నుంచి ఊడిన ఒక లాడం. నాయన పైన తాళ్లు చూస్తున్నాడు. షావుకారు లాడం నా చేతికిచ్చి, "కొత్త పెట్టెకు దిష్టి తగలకుండా ఈడే యాడన్నా కొట్టు. కనపడకూడదు" అన్నాడు. సింగపూరు యంత్రానికి గుర్రపు లాడం! వీడి తెలివి తెల్లారినట్టే ఉంది అనుకుంటూ, నాలుగు మేకులతో అర కింద కొట్టేశాను. సరిగ్గా దిక్సూచి అడుగున. పనితనం చూసుకుని మురిసిపోయాను కూడా.

సముద్రంలోకి వెళ్లాక నాయన స్విచ్ వేశాడు. కాసేపటికి పడవ మెల్లగా పక్కకు తిరగసాగింది. దిక్సూచి ముల్లు ఉత్తరానికే నిలవాల్సింది పోయి, ఏదో పట్టి ఉంచినట్టు పడవతోపాటే తిరిగింది. పడవ తిరిగిపోతున్నా, నేరుగానే పోతున్నామనుకుని పెట్టె నిమ్మళంగా కూర్చుంది. గాలి అవతలి వైపు పట్టి తెరచాప దబ్బున ఇటు తిరిగింది. పులిహోర క్యారియరు సముద్రంలో పడింది, ఒక ప్లీడరు ఇంకో ప్లీడరు మీద పడ్డాడు. నేను లోలోపల పడీపడీ నవ్వుతున్నాను.

"చేతగాకపోతే చేతగాదని సెప్పొచ్చు గదప్పా! పెద్దమనుషుల ముందర నా పరువు తీసినావే!" షావుకారు నాయన మీద విరుచుకుపడ్డాడు.

అప్పుడు తట్టింది నాకు, లాడం. ముల్లును పట్టి ఉంచింది అదే. ఇచ్చింది షావుకారే, ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ దిక్సూచి కింద ఇనుము కొట్టిన డిప్లొమా ఎవరిదో ప్లీడర్లకు తెలిసిపోతుంది. నోరు మూసుకున్నాను.

నాయన లోపలికి దిగి అర కింద చెయ్యి పెట్టి తడిమాడు. తల తిప్పి నా ముఖం చూశాడు. పైకెక్కి, "నాదే తప్పు సామీ. కొత్త పెట్టె, నాకు అంతుపట్టలేదు" అన్నాడు.

రేవుకు చేరి అందరూ దిగాక, ఆయనొక్కడే లోపల కాసేపు ఉండి వచ్చాడు. మరుసటి వారం ఎవరో మద్రాసు మెకానిక్ వచ్చి స్విచ్ వేస్తే పడవ నేరుగా పోయిందట. వాడెంత మొనగాడో షావుకారు చిత్తూరంతా చాటాడు. నాయన మళ్లీ ఆ ఫ్యాక్టరీ మెట్టు ఎక్కలేదు.

ఆ ఆదివారం బస్సులో, పుత్తూరు దాటాక, నాయన సంచిలోంచి కాగితం పొట్లం తీసి నా ఒళ్లో పెట్టాడు. లాడం, వంకరపోయిన నాలుగు మేకులు.

"పీకేదానికి శానాసేపు పట్టినాది రా. గట్టి చెయ్యి నీది" అన్నాడు.

ఎగతాళి కాదు, నిజంగానే మెచ్చుకున్నాడు. ఆయనకు తెలిసిపోయినా, కొట్టింది నేనేనని నా నోటితో అప్పుడైనా చెప్పాల్సింది. తిరుపతి వచ్చేదాకా నోరు తెరవలేదు. ఆయన బతికున్నన్నాళ్లూ తెరవలేదు.